కుప్పలో చెయ్యి

మా తోటికోడలు బిందుమాధవి నోట్లోంచి మాట వచ్చిందంటే దాని చివర ఒక ప్రశ్న ఉండాల్సిందే. ఎందుకత్తయ్యా, ఎలాగత్తయ్యా, ఇలాగే ఎందుకు, అలా చేస్తే ఏమవుతుంది. పొద్దున్నే లేచి మొహం కడుక్కునేటప్పుడు అద్దాన్ని కూడా ఏదో ఒకటి అడుగుతుందని నా అనుమానం.

నాకు ఒళ్ళు మండుతుంది. దాచుకోవడం దేనికి, మండుతుంది. ఇరవయ్యేళ్ళుగా మిరపకాయల్లో పడి దొర్లుతున్న ఒళ్ళు ఇది. కారానికి మండడం ఎప్పుడో మానేసింది. ఆ పిల్ల అడుగుతుంటే మాత్రం మండుతుంది.

నిజం చెప్పాలంటే అది అడిగినందుకు కాదు. అడిగితే మా అత్తగారు చెప్తున్నందుకు.

మా అత్తగారి పేరు సామ్రాజ్యం. పేరుకి తగ్గ మనిషి. మాది చిలకలూరిపేట నుంచి లోపలికి పన్నెండు కిలోమీటర్లు. ఎనిమిదెకరాల నల్లరేగడి, అన్నదమ్ములిద్దరిదీ ఉమ్మడి. మా ఆయన అంకమ్మరావు, మా మరిది శివనాగరాజు చేనంతా తిరిగి ఎన్ని మందులు కొట్టినా, ఎన్ని కోతలు కోయించినా, కల్లంలో కాయ ఆరిందని చెప్పాల్సింది మాత్రం మా అత్తగారే.

అదేమన్నా బ్రహ్మవిద్యా అనుకుంటారు తెలియనివాళ్ళు. మిరపకాయ ఎండాక ఎండినట్టే టిక్కీ అనే గోనె బస్తాలో పోసి కాళ్ళతో తొక్కారనుకోండి, పొట్టు పొట్టయి గింజలన్నీ కింద రాలతాయి. అందుకని కాయని కుప్పచేసి తెల్లవారుజామున మంచుకి వదిలేస్తారు. మంచుకి కాస్త మెత్తబడ్డాక తొక్కితే మడతపడుతుంది గానీ పగలదు. ఎండెక్కేలోపు టిక్కీలు నింపి కుట్టెయ్యాలి. కాకపోతే లోపల నిజంగా ఆరి ఉండాలి. పైపైన మంచు మెత్తదనమా, లోపలి పచ్చిదనమా తెలుసుకోకుండా ఎత్తితే, ఏసీలో, అంటే కోల్డ్ స్టోరేజీలో, మూడు నెలలు తిరిగేసరికి కాయంతా బూజు. ఏడాది కష్టం మురిగి కంపుకొడుతుంది.

మా అత్తగారు వచ్చి మోచేతి దాకా కుప్పలో చెయ్యి పెట్టేది. మధ్యలోంచి గుప్పెడు కాయ తీసి పిడికిలి బిగించి, వదిలి, చెవి దగ్గర ఆడించి, "ఎత్తండి" అనేది. అంతే. దాని తర్వాతే టిక్కీ నోరు తెరిచేవాళ్ళు. మా కల్లమే కాదు, చుట్టుపక్కల పది కల్లాల వాళ్ళు బండి మీద ఎక్కించుకుని తీసుకెళ్ళి, ఆవిడ చేత చెయ్యి పెట్టించుకుని, మర్యాదగా దింపి వెళ్ళేవాళ్ళు.

ఆవిడ తర్వాత ఆ చెయ్యి నాదవుతుందనుకున్నాను. పెద్దకోడల్ని. ఇంకెవరిదవుతుంది?

కాపరానికొచ్చిన మొదటి యేడే అడిగాను. పంతొమ్మిదేళ్ళ పిల్లని. "అత్తయ్యా, ఆరిందని ఎలా తెలుస్తుంది?" అన్నాను. ఆవిడ కుప్పలోంచి చెయ్యి తియ్యకుండానే నావంక చూసి, "కళ్ళు లేవా? చూడు" అంది. టిక్కీలు తొక్కే ముఠా కూలీలు పదిమంది ఉన్నారక్కడ, పక్కున నవ్వారు. ఆ రోజు మూసిన నోరు ఈ విషయంలో నేను మళ్ళీ తెరవలేదు.

చూడమందిగా, చూశాను. మంచినీళ్ళిచ్చే వంకన చూశాను, చీపురు పట్టుకుని చూశాను. ఏ వేలు నొక్కుతోందో, కళ్ళు మూస్తోందో తెరుస్తోందో, పిడికిలి ఎంతసేపు బిగిస్తోందో. ఇంటికొచ్చి కొంగులో ముడేసుకొచ్చిన కాయలు తీసి వంటింట్లో ఒక్కదాన్నే కూర్చుని అలాగే చేసేదాన్ని. తొమ్మిదేళ్ళు అలా గడిచాయి.

ఆ యేడు మా ఆడపడుచు పురిటికని అత్తగారు పిడుగురాళ్ల వెళ్ళింది. కాయ కల్లంలో ఉంది, మబ్బు పడుతోంది. మా ఆయన కాలు నిలవక తిరుగుతున్నాడు. నేనే కుప్పలో చెయ్యి పెట్టాను. అచ్చం ఆవిడలాగే పిడికిలి బిగించాను, వదిలాను, చెవి దగ్గర ఆడించాను. "ఎత్తండి" అన్నాను. అబ్బో, ఆ మాట అన్నప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

నలభై టిక్కీలు. జులైలో ఏసీ నుంచి తెచ్చి విప్పితే అన్నీ బూజే. మా ఆయన టిక్కీల పక్కన నెత్తిన చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. అత్తగారు ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. ఎనిమిది రోజులు నాతో మాట్లాడలేదు, అంతే. ఊళ్ళో వాళ్ళు మాత్రం వదిలారా? ఎవరింట్లో కూర మాడినా "రాజేశ్వరి చెయ్యి పడిందేంటే?" అనేవాళ్ళు. రాజేశ్వరంటే నేనే.

ఆ బూజుపట్టిన కాయని పారబోసే ముందు నేను ఒక్కదాన్నే కూర్చుని ఏరాను. ఏడుస్తూ ఏరాను. ఏరగా ఏరగా ఒకటి కనపడింది. ప్రతి కాయకీ బూజు తొడిమ దగ్గరే మొదలైంది. కండ బాగుంది, గింజ బాగుంది, తొడిమ కింద నల్లగా ఉంది. అంటే కాయలో ఆఖరున ఆరేది తొడిమ. చేతికి కండ తెలుస్తుంది, చెవికి గింజ తెలుస్తుంది, తొడిమ సంగతి ఎవరూ చూడలేదు. మరుసటి యేడు నుంచి నేను తొడిమ విరిచి చూడడం మొదలుపెట్టాను. ఆరితే టక్కున విరుగుతుంది. ఆరకపోతే వంగుతుంది. ఎంత మంచు పడనీ, ఆరిన తొడిమ ఆరినట్టే విరుగుతుంది.

అది నాకు ఎవరూ చెప్పలేదు. ఎవర్నీ చూసి నేర్చుకోలేదు. నాది. పదకొండేళ్ళు అత్తగారి వెనకాల నిలబడి, కొంగు చాటున తొడిమ విరుచుకుంటూ, ఆవిడ "ఎత్తండి" అనే ముందే నాలో నేను అనుకునేదాన్ని. ఒక్కసారి తప్పితే ఒట్టు. నన్ను అడిగినవాళ్ళు మాత్రం లేరు.

ఇదిగో, అలాంటి ఇంట్లోకి రెండేళ్ళ క్రితం బిందుమాధవి వచ్చింది. నరసరావుపేటలో మందుల కొట్టు వాళ్ళ పిల్ల. విజయవాడలో మా మరిది చేసే ఉద్యోగం పోతే ఇద్దరూ ఊరికొచ్చేశారు. ఎండుమిరపకాయని పోపులో తప్ప ఎరగదు. వచ్చిన మూడోరోజే కల్లంలో గొంతుక్కూర్చుని, "అత్తయ్యా, మధ్యలోంచే ఎందుకు తీస్తారు? పైనుంచి తీస్తే ఏం?" అంది.

"కళ్ళు లేవా?" అంటుందని చూస్తున్నాను. ముఠా వాళ్ళూ నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు.

మా అత్తగారు ఆ పిల్ల మణికట్టు పట్టుకుంది. పట్టుకుని కుప్పలోకి దోపింది. "ఇదిగో, ఇక్కడ వెచ్చగా లేదూ? వెచ్చగా ఉన్నచోట చెమ్మ ఉంటుంది. పైన గాలికి ఆరుతుంది, అది చూసి మోసపోకూడదు" అంది.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ఇరవయ్యేళ్ళలో ఆవిడ నా చెయ్యి ఒక్కసారి పట్టుకుందా? ఆ వెచ్చదనం సంగతి నేను కనిపెట్టడానికి నాలుగేళ్ళు పట్టింది. ఆ పిల్లకి నాలుగు మాటలు పట్టింది.

ఆనాటినుంచీ ఇదే వరస. ముఠా మేస్త్రి యలమందని, టిక్కీ మూతి అలా ఏటవాలుగా ఎందుకు కుడతావని అడుగుతుంది. ఎవరికీ ఒక్క ముక్క విప్పని యలమంద దబ్బనం ఆ పిల్ల చేతికిచ్చి మరీ చూపిస్తాడు. శివనాగరాజు ఆన్‌లైన్‌లో తేమ చూసే మిషను ఒకటి తెప్పిస్తే, అది పైన ఒక అంకె, కింద ఒక అంకె చూపిస్తోందేమని అత్తగారినే అడిగింది. "దాన్నే అడుగు" అని అత్తగారు నవ్వింది. నవ్వింది! నాతో పొయ్యి మీద పాలు పొంగిన సంగతి తప్ప మాట్లాడని మనిషి. ఆ మిషను ఇప్పుడు బీరువాలో బ్యాటరీ కారి పడి ఉంది.

ఒకరోజు నన్నే అడిగింది. సంక్రాంతి వెళ్ళిన వారానికి, గిన్నెలు తోముతున్నాను. పక్కనొచ్చి కూర్చుని, "అక్కా, మంచుకి మెత్తబడ్డ కాయా, ఆరక మెత్తగా ఉన్న కాయా నా చేతికి ఒక్కలాగే ఉంటున్నాయి. అత్తయ్య చేతికే తెలుస్తుంది అంటారు. నీకెలా తెలుస్తుంది?" అంది.

ఇరవయ్యేళ్ళ తర్వాత ఒకళ్ళు నన్ను అడిగారు. మాట గొంతు దాకా వచ్చింది. చెప్పేసేదాన్నేమో. ఇంతలో లోపల్నుంచి అత్తగారు, "బిందూ, నా షుగరు బిళ్ళ ఎక్కడ పెట్టావమ్మా?" అని కేకేసింది. ఆవిడ బిళ్ళలు పద్నాలుగేళ్ళు నేనిచ్చాను. బిందూ అట, అమ్మా అట.

"కళ్ళు లేవా? చూడు" అన్నాను నేను.

పాపం, మొహం చిన్నబుచ్చుకుని లేచిపోయింది. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

ఈ యేడు మార్చి రెండో కోతకి అసలు సంగతి బయటపడింది. షుగరుకి అత్తగారి చేతులు తిమ్మిరెక్కాయి. కాఫీ గ్లాసు కాలుతున్నా తెలియడం లేదు. ఇక కుప్పలో చెయ్యి పెట్టి ఏం లాభం? ఎవరు పెడతారని ఇంట్లో ఎవరూ అనలేదు గానీ అందరి మనసులోనూ అదే ఉంది. నా మనసులో అది తప్ప ఇంకోటి లేదు. ఆ పొద్దున నేను తలంటుకుని మరీ కల్లానికి వెళ్ళాను, సిగ్గులేక చెప్తున్నా.

ఆరుగంటలవుతోంది. కాయ మీద మంచు మెరుస్తోంది. ముఠా వచ్చేసింది, ఏసీకి తీసుకెళ్ళడానికి లారీ కూడా మాట్లాడి పెట్టారు. అత్తగారు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని అందర్నీ ఒకసారి చూసింది. నన్ను దాటి చూసింది.

"బిందూ, నువ్వు పెట్టు చెయ్యి" అంది.

మా ఆయన నావంక చూసి చటుక్కున తల దించుకున్నాడు. యలమంద దగ్గాడు. నేను నవ్వుమొహం పెట్టుకుని నిలబడ్డాను. ఆ నవ్వు ఎంతసేపు మోశానో, దవడలు నొప్పెట్టాయి.

ఆ పిల్ల మోచేతి దాకా చెయ్యి పెట్టింది. గుప్పెడు తీసింది, బిగించింది, వదిలింది, చెవి దగ్గర ఆడించింది. నేను అలవాటు కొద్దీ వంగి నాలుగు కాయలు తీసుకుని వెనక్కి వచ్చి ఒక తొడిమ విరవబోయాను.

వంగింది. ఇంకోటి చూశాను, అదీ వంగింది. మంగళ, బుధవారాలు మబ్బు పట్టింది కదా, ఒక్క ఎండ తక్కువైంది.

బిందు నావైపు తిరిగింది. "అక్కా, మెత్తగానే ఉంది, గింజ మోగుతోంది. నువ్వొకసారి చూస్తావా?"

అప్పుడు చెప్పాలి. నాకు తెలుసు అప్పుడే చెప్పాలని. ఆ కుప్పలో మా ఇంటిల్లిపాది కష్టం ఉంది, నా పిల్లల తిండీ చదువూ ఉన్నాయి. అయినా నా కళ్ళకి ఆ కుప్ప కనపడలేదు. జులై కనపడింది. విప్పిన టిక్కీలు, బూజు, ఆ పిల్లతో ఎనిమిది రోజులు మాట్లాడని అత్తగారు, ఎవరింట్లో కూర మాడినా బిందు చెయ్యి పడిందేంటే అనే ఊరు. నేను పడ్డది అదీ పడాలి. ఒక్కసారి పడితే చాలు.

"నీ చెయ్యి పెట్టమన్నారు గానీ నాది కాదుగా" అన్నాను.

ఆ పిల్ల చేతిలో కాయని కుప్పలో పడేసింది. తర్వాత, "ఎత్తండి" అంది.

ముఠా టిక్కీలు నింపుతుంటే, ఇద్దరు లోపలికి దిగి తొక్కుతుంటే, యలమంద దబ్బనంతో కుడుతుంటే నేను లెక్కపెడుతూ నిలబడ్డాను. అయిదు. పది. నా చేతిలో వంగిన తొడిమలు అలాగే ఉన్నాయి. పదిహేను. ఇరవై రెండో టిక్కీ కుడుతుండగా అత్తగారు, "రాజేశ్వరీ, ఇటు రా" అంది.

వెళ్ళాను.

"ఇవ్వాళ చప్పుడు రాలేదేం?"

"ఏం చప్పుడత్తయ్యా?"

"నువ్వు తొడిమ విరిచే చప్పుడు" అంది. ఆవిడ గొంతు చిన్నది కాదు, చేతిలో పని ఆపి అందరూ ఇటు చూశారు. "ఏళ్ళ తరబడి నా వెనకాల నిలబడి విరుస్తున్నావుగా. నేను గమనించలేదనుకున్నావా? టక్కుమన్నప్పుడల్లా కాయ బాగుండేది. అది ఎందుకో నాకు తెలీదు. అడుగుదామని ఎన్నిసార్లో అనుకున్నా, కోడల్ని అడగడమేంటని నామోషీ వేసింది. నాలుగేళ్ళుగా ఈ చేతులకి స్పర్శ లేదు. నీ చప్పుడు విన్నాకే నేను ఎత్తండి అంటున్నా."

నా చూపు కుట్టేసిన టిక్కీల మీదికి పోయింది.

"అది నేర్చుకుంటోంది గదా, చెయ్యి పెట్టనీ, వెనకాల నువ్వున్నావుగా అనుకున్నా. ఇందాక నువ్వు విరవలేదో, నా చెవికి వినపళ్ళేదో తేలక కూర్చున్నా. ఇప్పుడడుగుతున్నా చెప్పు. తొడిమ ఎందుకు విరుస్తావే?"

పదకొండేళ్ళుగా ఎవరైనా అడిగితే బాగుండునని ఎదురుచూసిన ప్రశ్న. ఎన్నిసార్లు ఊహించుకున్నానో, అందరి ముందూ ఆవిడ అడుగుతుంది, నేను తలెత్తి చెప్తాను. ఇప్పుడు తల పైకి లేవలేదు.

"తొడిమ ఆఖరున ఆరుతుందత్తయ్యా" అన్నాను. "విరిగితే ఆరినట్టు. వంగితే... ఆరనట్టు."

బిందు అప్పటికే కుప్ప దగ్గరికి పరుగెత్తింది. ఒక కాయ తీసింది, తొడిమ వంచింది. వంగింది. ఇంకోటి. ఇంకోటి. కుప్పలో మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగునుంచి తీసింది, అవీ వంగాయి. యలమంద చేతిలో దబ్బనం ఆగిపోయింది.

ఆ పిల్ల లేచి నా దగ్గరికొచ్చింది. నా గుప్పిట వంక చూసింది. వేళ్ళు ముడుచుకున్నాను గానీ తొడిమలు బయటికి కనపడుతూనే ఉన్నాయి.

"అక్కా" అంది. "నేను అడిగినప్పుడు నీకు తెలుసా?"

మా ఆయన చూస్తున్నాడు. మరిది చూస్తున్నాడు. అత్తగారు కుర్చీలో ముందుకు వంగి చూస్తోంది. తెలీదంటే అయిపోయేది. ఇప్పుడే విరిచానంటే నమ్మేవాళ్ళు.

"తెలుసు" అన్నాను.

అత్తగారు కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. మా ఆయన ఫోన్ తీసి లారీ వాడికి ఇవ్వాళ వద్దని చెప్పడానికి అవతలికి వెళ్ళాడు.

"ఎన్ని విప్పాలమ్మా?" అన్నాడు యలమంద. నన్నడిగాడో, బిందుని అడిగాడో తెలీదు.

"అన్నీ" అన్నాను.

నేనే ఒక టిక్కీ ముందు కూర్చుని పురికొస తెంపడం మొదలుపెట్టాను. కాసేపటికి బిందు వచ్చి ఎదురుగా కూర్చుని ఇంకో టిక్కీ లాక్కుంది. పట్టాల మీద కాయ మళ్ళీ పరిచాం. ఎండెక్కింది, ఘాటుకి అందరం దగ్గుతున్నాం. ముఠా వాళ్ళు సద్దులు తినడానికి లేచారు. ఆ పిల్ల లేవలేదు, నేనూ లేవలేదు.

రోజుకి వంద అడిగే మనిషి. ఏ కాయ ఎటు తిప్పాలని గానీ, ఇంకెన్ని ఎండలు కావాలని గానీ, ఎందుకు చెప్పలేదక్కా అని గానీ అడుగుతుందని చూశాను. తిడుతుందేమోనని కూడా చూశాను. మధ్యాహ్నం దాకా చూశాను. ఒక్కటీ అడగలేదు. నా వంక చూడను కూడా లేదు.

ఇంక ఉండబట్టలేక నేనే ఒక కాయ తీసి పట్టుకున్నాను.

"తొడిమ చివర పట్టుకోకూడదు" అన్నాను. "చివర ఎప్పుడూ విరుగుతుంది, దాన్ని నమ్మకూడదు. మొదట్లో, కాయకి అతుక్కున్నచోట వంచాలి. కుప్పకి నాలుగు వైపుల నుంచీ తియ్యాలి. పదింటిలో ఒక్కటి వంగినా ఇంకో ఎండ వెయ్యాల్సిందే."

ఆ పిల్ల తలెత్తలేదు. కాయలు పరుస్తూనే ఉంది.

వినిపించిందో లేదో తెలీలేదు. దగ్గరికి జరిగి మళ్ళీ మొదట్నుంచీ చెప్పాను.